పీతల తొట్టిలో కాపర్ కాయిల్

వీధిలో అందరూ అతన్ని కూలింగన్న అంటారు. ఏసీలు బాగుచేస్తాడు. అతను చెయ్యి పెడితే చచ్చిన కంప్రెసర్ కూడా లేచి కూర్చుంటుందని పేరు. కోపం మాత్రం ముక్కు మీదే. "అందరి గదులూ చల్లబరుస్తాడు, తన బుర్ర తప్ప" అని భార్య నవ్వుతుంది.

అతనికున్న పిచ్చల్లా హాల్లోని ఉప్పునీటి తొట్టి. నాలుగడుగులు. అందులో రంగురాళ్ళు, రెండు చేపలు, పదకొండు హెర్మిట్ పీతలు. ఈ పీతలకు నడుం కిందంతా మెత్తన. ఖాళీ నత్తగుల్లలో దూరి బతుకుతాయి, ఒళ్ళు పెరిగితే ఇంకా పెద్దది వెతుక్కుంటాయి.

వాటిని కొన్నది అతనే అయినా ప్రాణం పెట్టుకున్నది అత్తగారు. మోకాళ్ళ నొప్పులతో కూతురి దగ్గరికి వచ్చిన మనిషి, రోజంతా తొట్టి ముందు స్టూలేసుకుని కూర్చునేది. వాటికి అద్దెవాళ్ళని పేరు పెట్టింది. "అమ్మాయ్, ఎర్రకాళ్ళవాడు పెద్దింట్లోకి మారాడే!" అని వంటింటికి కేకేసేది.

ఎండలు ముదిరాయి. తొట్టి నీళ్ళు ముప్పై డిగ్రీలు దాటాయి, ఆ వేడి అందులోవాటికి పడదు. చల్లబరిచే మిషన్ కొనమంది భార్య. "ఏసీ మెకానిక్ చల్లదనం కొనుక్కోవడమా? నలుగురూ నవ్వుతారు" అన్నాడు. పాత ఫ్రిజ్ కంప్రెసర్ తెచ్చి, రాగి గొట్టాన్ని గుండ్రంగా చుట్టి, తొట్టి నీళ్ళు వచ్చిపోయే కింది పెట్టెలోకి దించాడు. సాయంత్రానికి ఇరవై ఐదు. వచ్చినవాడికల్లా చూపించుకున్నాడు.

మూడోవారంలో పీతలు గుల్లల్లోంచి సగం జారిపడి కదలకుండా ఉన్నాయి. రెండు రోజుల్లో పదకొండూ పోయాయి.

"తొట్టిలో చెయ్యి పెట్టిందెవరు?" ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

అత్తగారు గోడ పట్టుకుని లేచింది. "నేనే బాబూ. మొన్న రొయ్యముక్క ఒకటి వేశాను. చిన్నదే."

"చిన్నదే! కుళ్ళి నీళ్ళు విషం కావడానికి అది చాలదూ? ఈ ఇంట్లో నా మాట వినేది ఆ చేపలొక్కటే!"

"నీకెందుకమ్మా అవన్నీ?" అంది భార్య కూడా. అత్తగారు స్టూలు తీసుకెళ్ళి వెనకగదిలో పెట్టుకుంది.

మర్నాడు అక్వేరియం షాపులో పాతవి పోయాయని చెప్పి కొత్త పీతలడిగితే షాపాయన ఇవ్వలేదు.

"చేపలెలా ఉన్నాయి?"

"లక్షణంగా."

"పీతలు పోయి చేపలు మిగిలాయంటే నాకు రాగి మీదే అనుమానం అన్నా. చేపలు కాస్త ఓర్చుకుంటాయి, వీటికి చిటికెడు చాలు. నీళ్ళకి ఎక్కడైనా రాగి తగులుతోందా?"

"చూస్తా" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా చేతుల్లో ఆడిన లోహం. ఇంటికెళ్ళి కాయిల్ పైకి లాగితే పచ్చగా చిలుము పట్టి ఉంది.

అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. కాయిల్ విప్పి సామాన్ల సంచిలో కుక్కి, "శబ్దం ఎక్కువైంది, మిషన్ కొంటున్నా" అని భార్యను నమ్మించాడు.

అత్తగారు మాత్రం ప్రతిదానికీ అనుమతి అడగడం మొదలుపెట్టింది. "బాబూ, కిటికీ తెరవచ్చా?" "ఫ్యాను వేసుకోనా బాబూ?" తిట్టినా బాగుండును అనిపించేది అతనికి. ఇవాళ చెబుదాం అనుకుంటూ వచ్చేవాడు, అన్నం తిని పడుకునేవాడు. అలా తొమ్మిది రోజులు.

పదో రోజు ఆవిడ గది గుమ్మంలో నిలబడి, "నీళ్ళు మారుస్తున్నా అత్తయ్యా. కొన్నాళ్ళాగి కొత్తవి తెస్తా" అన్నాడు.

"వద్దు బాబూ. తెచ్చినా నన్నటు రానివ్వకండి. నా చెయ్యి మంచిది కాదు."

అతను వెళ్ళి సంచిలోంచి కాయిల్ తెచ్చి ఆవిడ మంచం మీద పెట్టాడు.

"చంపింది ఇది. పెట్టింది నేను."

ఆవిడ కాయిల్ని చూసింది, అతన్ని చూసింది. "ఎప్పుడు తెలిసింది?"

"మర్నాడే."

ఆవిడ కాయిల్ తీసి తిరిగి అతని చేతికిచ్చింది. ఆ తర్వాత, "నన్ను తిట్టిందెక్కడ?" అంది.

"హాల్లో."

"అయితే అక్కడికే పదండి."

చెయ్యందించాడు. ఆవిడ పట్టుకోలేదు. గోడ పట్టుకునే నడిచింది. "అమ్మాయ్, ఇలా రావే. మీ ఆయన ఏదో చెప్తారట."

భార్య తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, అతని చేతిలోని పచ్చటి చుట్టను చూసి ఆగింది.

"తప్పు... మీ అమ్మది కాదు" అన్నాడు నేలచూపులతో.

"గట్టిగా చెప్పండి బాబూ" అంది అత్తగారు. "ఆ రోజు గొంతు ఇంకా పెద్దదే."

అతను తలెత్తి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు. ఈసారి గట్టిగానే.