బండ ఎందుకు జారింది?

ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ప్రాజెక్టు కోసం కొల్లాపూర్ దగ్గరి గుట్టలకు వెళ్లాను. రాతిపొరలు ఎక్కడ కలుస్తున్నాయో, వాటి మధ్య సందులు ఎలా ఏర్పడ్డాయో చూడాలి. దారి చూపడానికి ఆ ఊరి కూలిమనిషి ఎల్లమ్మ వచ్చింది.

పాత క్వారీలో రెండు పొరల సరిహద్దు గీత గీసినంత స్పష్టంగా కనిపించింది. సంబరపడిపోయి, "పెద్దమ్మా, దాని మీద చెయ్యి పెట్టి నిలబడు, ఫొటో తీస్తా" అన్నాను.

ఆమె చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "మూడేండ్ల కింద గీడికెంచే బండ జారి మా ఆయన మీద పడ్డది బిడ్డా."

సిగ్గుతో ఫోన్ దించేశాను. వెళ్లిపోదామన్నా ఆమె కదల్లేదు.

"తాగి పనిజేసిండు, గందుకే సచ్చిండన్నరు అందరు. నువ్వు సదువుకున్నవ్ గద, బండెందుకు జారిందో జెప్పు. గది అడుగుదామనే నీ ఎంట వచ్చిన."

సందులో వేలు పెడితే మెత్తని మట్టి రాలింది. "వాన నీళ్లు దిగితే ఈ మట్టి జారుడవుతుంది. పైబండ ఇక ఆగదు" అన్నాను.

"ఆ దినం గూడ వాన పడ్డది. అయితే ఆయన తప్పేం లేదా?"

"లేదు పెద్దమ్మా."

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

ప్రాజెక్టుకు మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆ ఒక్క మాట చెప్పే మనిషి ఆమెకు మూడేళ్లపాటు దొరకలేదన్న బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.