జైసల్మేర్ దాంక పోతే మాట వచ్చింది

డిసెంబరు ఆఖర్ల, పొద్దుగాల ఐదున్నరకు సెంటినరీ కాలనీల మా క్వార్టర్ ముందల కారెక్కినం. నడిపేది అల్లుడు రమేశ్, పక్కన బిడ్డ శ్రావణి, ఎనుక నేనూ మా ఆయన రాజలింగు. పోయేది రాజస్థాన్ ఎడారికి. ఎవలన్న పోతే స్వెట్టర్లు రెండు పెట్టుకోండ్రి. ఎడారంటే ఎండేనని నేను ఒక్కటే పెట్టుకున్న, పండ్లు టకటక కొట్టుకున్నయి.

ఈ తిరుగుడంత మా ఆయన కోసమే. ముప్పై నాలుగేండ్లు బాయిల పనిచేసి అక్టోబర్ల రిటైరయిండు. మా దిక్కు బొగ్గుగనిని బాయే అంటం. దండలేసి, శాలువ కప్పి ఇంటికి పంపిన తెల్లారి నుంచి మనిషికి మాట బందయింది. ఐదింటికి లేస్తడు, మంచంల కూసుంటడు, మొదటి షిఫ్టు సైరన్ ఇని మళ్ల పంటడు. తిన్నవా అంటే ఊఁ, పన్నవా అంటే ఊఁ. దవాఖానల చూపిస్తే రోగమేం లేదన్నరు. గిట్లనే కూసోని కూసోని మనిషి మనకు కాకుంట పోతడేమోనని నాకు ఒకటే ఫికర్. దూరం తీస్కపోదాం, మాట వస్తదేమో అని శ్రావణి అన్నది. నాకూ వేరే తొవ్వ కనవడలే.

మంచిర్యాల, ఆసిఫాబాద్ దాటి తొమ్మిదిన్నరకు చంద్రాపూర్ల అటుకుల పోహా తిన్నం. నాగపూర్‌ల అన్నం, రాత్రికి బేతుల్‌ల పండుడు. రెండోనాడు రత్లాం, మూడోనాడు జోధ్‌పూర్. తొవ్వ పొడుగునా శ్రావణి ముచ్చట పెడుతనే ఉన్నది, ఈయన కిటికీల నుంచి చూస్తనే ఉన్నడు. జోధ్‌పూర్‌ల మిర్చి బజ్జీ నా చెయ్యంత ఉన్నది. తినుకుంట "కారం లేదు" అన్నడు. మూడు రోజులల్ల అదే పెద్ద మాట.

నాలుగోనాడు పన్నెండింటికి జైసల్మేర్ చేరినం. ఒక మ్యూజియం గేటు కాడ గార్డు నా సంచి చూస్తుంటే, అడగకముందే మా ఆయన రెండు చేతులు లేపి గుండ్రంగ తిరిగి నిలవడ్డడు. బాయి దిగేముందు బీడీ, అగ్గిపెట్టె ఉన్నయేమోనని రోజూ గట్లనే చూస్తరట. గార్డు నవ్విండు. నాకైతే నవ్వు రాలే.

సాయంత్రం నాలుగింటికి ఇసుక దిబ్బల కాడికి పోయినం. ఎంత దూరం చూసినా ఇసుకే. తెల్ల మీసాల ఒంటె మనిషి ఒకాయన నా ముందల ఒంటెను కూసోవెట్టి, "ఆవో బాయీసా" అన్నడు.

ఎనుక నుంచి మా ఆయన గొంతు ఇనవడ్డది. "హౌ, బాయిలనే. చౌంతీస్ సాల్ కియా. అండర్‌గ్రౌండ్."

ఒంటె మనిషికి ఏం సమజ్ కాలే. శ్రావణి పడి పడి నవ్వింది. ఆ దిక్కు ఆడోళ్లను మర్యాదగ బాయీసా అని పిలుస్తరని అది చెప్పినంక, ముప్పై నాలుగేండ్ల బాయి పని గురించే అడిగిండనుకున్న మా ఆయన జర సిగ్గువడ్డడు. గని అప్పటికే ఒంటె మనిషి అడిగిండు, భూమి లోపల ఏం చేస్తరని. ఇగ షురూ. వచ్చీరాని ఉర్దూల, చేతులు ఊపుకుంట, బొగ్గు తీసినంక ఖాళీ అయిన జాగను ఇసుకతోని ఎట్ల నింపుతరో చెప్పిండు. వంగి పిడికెడు ఇసుక తీసి వేళ్ల నడుమ రాసి, మీది మరీ సన్నం, మా గోదారి ఇసుకే మంచిదన్నడు. ఒంటె మనిషికి కోపమొచ్చి, తాగనీకె మా కాడ నీళ్లే లేవు, మాకు నది యాడిదన్నడు. ఇద్దరు గంటసేపు వాదులాడుకున్నరు. నేను ఒంటె ఎక్కనే లేదు. ఆ ఒంటె ముసలాయన పిల్లజెల్లా సల్లగుండాలె.

వచ్చేటప్పుడు మాట ఆగలే. రత్లాం దాటినంక చాయ్ తాగుకుంట ఉత్తగనే అన్నడు, శ్రావణి నాలుగో పుట్టినరోజు నాడు బాయిల పైకప్పు కూలి తొవ్వ మూసుకపోయిందని. ఐదు గంటలు అవుతలి పక్కన చీకట్ల ఒక్కడే కూసున్నడట.

ఆ రోజు నాకు మంచిగ యాదికున్నది. మూడింటికే షిఫ్టు అయిపోవాల్సిన మనిషి రాత్రి తొమ్మిదింటికొచ్చి, ఓవర్‌టైమ్ పడ్డదన్నడు. గారెలు సల్లారినయని నేను నోటికొచ్చినట్టు తిట్టిన. తలకాయ వంచుకోని అన్నీ తిన్నడు.

"గప్పుడెందుకు చెప్పలే?"

"చెప్తే తెల్లారి సద్దికట్టి పంపేదానివా?" అన్నడు. "ఇంట్ల మాట ఆపుకునుడే అలవాటయింది. ఇప్పుడు యాడ మొదలువెట్టాల్నో తెల్వలే."

నిజమే, నేను పంపకపోదును. ఆ తెల్లారి నేను కోపంల మొఖమన్న చూడకుంట డబ్బా చేతుల పెట్టిన. ఆయన పోయిండు. దేవుని దయ, మళ్ల వచ్చిండు. గట్ల ఎన్నిసార్లు వచ్చిండో.

ఎడారి చూసి రాండ్రి, బాగుంటది. మాకైతే అక్కడి ఇసుక కన్న, కారుల ఎనుక సీటే ఎక్కువ యాదికుంటది. అల్లుడు అద్దంల చూస్తున్నా సిగ్గుపడకుంట ఆయన చెయ్యి పట్టుకున్న. ఇంకేమేం దాచినవో అన్నీ చెప్పుమన్న.

మంచిర్యాల వచ్చేదాంక చెప్పిండు.