ఖాజా మియా ఖాళీ గడులు

తొంభైల రెండో సగంలో ఒక ఏప్రిల్ నెలలో మా కంపెనీ నన్ను నల్లగొండకు పంపింది. నా హోదా ఫర్మ్‌వేర్ ఇంజినీరు. యంత్రం లోపలి చిప్పులో శాశ్వతంగా రాసిపెట్టే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. హైదరాబాదులోని ఆ చిన్న కంపెనీలో ఫర్మ్‌వేర్ విభాగానికి అధిపతీ, సిబ్బందీ నేనే. నన్నే ఎందుకు పంపుతున్నారని అడిగితే, మాది మక్తల్ కాబట్టి ఎండలు అలవాటై ఉంటాయని మా మేనేజరు చెప్పాడు. ఆ విభాగంలో ఇంకెవరూ లేరన్న సంగతి ఇద్దరం ప్రస్తావించలేదు.

పని రామన్నపేట దగ్గరి మంచినీళ్ల పథకంలో. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లకు పంపుహౌసు నుంచి ట్యాంకు ద్వారా నీళ్లు వెళ్తాయి. ట్యాంకులో నీటిమట్టం ఎంతో చెప్పే తీగ ఒకటి పంపుహౌసులోని మా డబ్బాకు వస్తుంది. మట్టం తగ్గితే డబ్బా మోటారును నడుపుతుంది, నిండితే ఆపుతుంది. ట్యాంకు ఎంత శాతం నిండిందో డబ్బా మీది అంకెల కిటికీలో కనబడుతుంది. లోపలి ప్రోగ్రాము నేను రాసింది.

నెల రోజులుగా మోటారు మధ్యాహ్నం పూట ఆగిపోతోంది. ఒక్కోసారి నిమిషం, ఒక్కోసారి మూడు గంటలు. ట్యాంకు ఖాళీ, ఊళ్లలో బిందెలు ఖాళీ. లోపం డబ్బాదేనా అని డిఇ గారు, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, మాకు ఉత్తరం రాశారు. నేను హైదరాబాదులో బల్ల మీద ఇంకో డబ్బా పెట్టి, మంచి తీగ తగిలించి, ఫ్యాను కింద కూర్చుని పరీక్షించి జవాబు రాశాను: డబ్బాలో లోపం లేదు, ఆపరేటరు చేత్తో ఆపి ఉండవచ్చు. ఆ ‘ఉండవచ్చు’ నల్లగొండ చేరేసరికి ‘ఆపాడు’ అయింది.

ఆపరేటరు పేరు ఖాజా మియా. యాభై ఏళ్లవాడు, పదకొండేళ్లుగా టెంపరరీ. నా ఉత్తరం చూసి అతనికి మెమో ఇచ్చారు, సోమవారం విచారణ. నేరం రుజువైతే ఆ రోజుతో ఉద్యోగం పోతుంది. ఉత్తరంలో రాసిందే నోటితో చెప్పడానికి నన్ను పంపారు.

గురువారం దిగాను. లాడ్జిలో ఫ్యాను తిరగకపోవడం వల్ల పంపుహౌసుకు వెళ్లాను. మనస్సాక్షి పంపిందని రాస్తే బాగుండేది కానీ, దానికి అప్పటికి ఆ అలవాటు లేదు.

“లెటర్ రాసింది మీరేనా సార్?” అని అడిగాడు ఖాజా మియా.

“నేనే.”

“దస్కత్ మంచిగున్నది,” అని, కూర్చోమని స్టూలు తుడిచాడు.

గోడకు లాగ్‌బుక్ వేలాడుతోంది. గంటకో వరుస, వరుసలో మట్టానికి ఒక గడి. చేతిరాత ముద్ర గుద్దినట్టుంది. కానీ మధ్యాహ్నం వరుసల్లో అక్కడక్కడా గడులు ఖాళీగా ఉన్నాయి. డిఇ గారి లెక్కలో ఆ గడులే సాక్ష్యం: ఖాళీ అంటే నిద్ర.

ఖాజా మియా రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చాడు. నా గ్లాసు నాకు అందించకముందే వెనక మోటారు ఆగింది. ఆపే ఎర్ర బటన్ గోడకు అవతలి వైపుంది, అతని రెండు చేతుల్లో రెండు గ్లాసులున్నాయి. నేను లేచి వెళ్లేలోపు మోటారు ఏమీ జరగనట్టు మళ్లీ మొదలైంది.

సాయంత్రం డిఇ గారికి చూసింది చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. “నువ్వు ‘చూసిన’ అంటే, అక్కడ చాయ్ తాగినవని రాసుకుంటరు. కాగితం మీద చూపెట్టు, సోమవారం లోపల,” అన్నారు. డబ్బా విప్పుకుపోవడానికి శనివారం ఒక్కరోజు అనుమతి ఇచ్చారు. ఆ రోజు మోటారును లైన్‌మన్ చేత్తో నడపాలి.

కాగితం మీద చూపించాలంటే డీబగ్గర్ కావాలి. చిప్పు పని చేస్తుండగా దాని జ్ఞాపకంలో ఏముందో కేబుల్ గుండా అడిగి తెరమీద చూపించే ప్రోగ్రాము అది. మాది ఫ్లాపీలో ఉంది. దాన్ని నడిపించే కంప్యూటరే లేదు. కంపెనీ ల్యాప్‌టాప్ ఒక్కటే, అది సేల్స్ వాళ్లతో ఊళ్లు తిరుగుతోంది. డిఇ ఆఫీసు కంప్యూటరు వోల్టేజీకి కాలిపోయి, ఫైళ్లు పెట్టుకునే బల్లగా కొత్త ఉద్యోగంలో చేరింది. ఆఫీసు క్లర్కు చెప్తే తెలిసింది, ఒక బడిలో ఇంకో కంప్యూటరు ఉందని. ఇంగ్లండులో ఎవరో దాతలు పంపారట.

వెళ్లి చూస్తే అది ఆర్మ్ ప్రాసెసర్ మీద నడిచే కంప్యూటరు. బయటికి అన్నింటిలాగే ఉంటుంది, లోపలి చిప్పు వేరు. మామూలు పిసి కోసం తయారైన ప్రోగ్రాము దానికివ్వడం తెలుగు చదివేవాడి చేతిలో ఉర్దూ పుస్తకం పెట్టడం లాంటిది. అయితే మా డీబగ్గర్ మూలప్రతి సి భాషలో నా ఫ్లాపీలోనే ఉంది, ఆ కంప్యూటర్లో సి కంపైలర్ ఉంది. మనం రాసింది ఆ చిప్పుకు అర్థమయ్యేలా తర్జుమా చేసేది కంపైలర్. మళ్లీ తర్జుమా చేయిస్తే చాలు కదా అనుకున్నాను. నా వృత్తిలో ‘చాలు కదా’ అన్న మాట తర్వాత ఒక పూట పోతుంది.

శనివారం పొద్దున్నే ఖాజా మియా డబ్బాను తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. దారి పొడుగునా పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. తన ఉద్యోగం తీసేస్తున్న డబ్బా మీద అంత జాగ్రత్త ఎందుకని అడిగాను. “సర్కారుది గద సార్,” అన్నాడు.

కంప్యూటరు గది సైన్సు టీచర్ అనంతమ్మ గారి ఏలుబడిలో ఉండేది. గడపలోనే ఆపింది. “చెప్పులు బయట. దుమ్ము పోయి ఖరాబైతే ఇంగ్లండు నుంచి ఎవడొస్తడు బాగుచెయ్యనీకి? నువ్వొస్తవా?”

చెప్పులు విడిచాం. కంపైలర్ నా ప్రోగ్రాములో ముప్పై తప్పులు చూపింది. ఆవిడ నా వెనక నిలబడి, పిల్లల దిద్దుడు పుస్తకం చూసినట్టు చూస్తూ, “నువ్వే రాసినవా?” అని అడిగింది. అవునన్నాను. మధ్యాహ్నానికి తప్పులన్నీ పోయాయి. రేడియోల దుకాణంలో అతికించి తెచ్చిన కేబుల్‌తో డబ్బాను కంప్యూటరుకు కలిపాను.

తెర నిండా ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్. మా భాషలో అది రెండు వందల యాభై అయిదు, ఒక గడిలో పట్టే అతి పెద్ద అంకె. చెరిపేసిన చిప్పు కూడా అలాగే కనబడుతుంది. చిప్పులోని ప్రోగ్రాము చెరిగిపోయిందని, ఇక ఏదీ రుజువు చేయలేమని, తగినంత గంభీరంగా ప్రకటించాను.

ఖాజా మియా తెర వైపే చూస్తున్నాడు. “జర ఆగుండ్రి సార్. మీరు వైరు పెట్టకముందు గూడ గివే కనవడ్డయి.”

కేబుల్ పీకేశాను. తెర నిండా ఎఫ్ఎఫ్.

“అవతల మనిషే లేడు, గిది మాత్రం బదులొచ్చిందంటాంది,” అన్నది అనంతమ్మ గారు. నా గాంభీర్యం అంతటితో ముగిసింది.

తప్పు చిప్పుది కాదు, నా డీబగ్గర్‌ది. కానీ అదే ప్రోగ్రాము పిసి మీద ఏళ్లుగా సరిగ్గా నడిచింది. గంటసేపు వెతికినా దొరకలేదు. టీచర్ గారు టిఫిన్ డబ్బా విప్పి ముగ్గురికీ జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు పెట్టింది. మాట కలపడానికి, విచారణ కోసం వెంట తెచ్చిన లాగ్‌బుక్ తెరిచి అడిగాను.

“చాచా, గీ గడులు ఎందుకు ఇడిసిపెట్టినవ్?”

అతను రొట్టె కింద పెట్టాడు. “పదకొండు గంటలకు నలభై ఉంటది. పన్నెండు గొట్టంగనే డబ్బా వంద అంటది. గంటల గంత నిండదు సార్, పదకొండేండ్ల సంది చూస్తున్న. వంద రాస్తె అబద్ధం. సున్న రాస్తె నీళ్లు లేవనుకుంటరు, అది గూడ అబద్ధమే. తెల్వనప్పుడు జాగా ఖాళీ ఇడిసిపెడ్త.”

“మరి డిఇ గారికి చెప్పలేదా?”

“నిద్రపోయినవా అని అడిగిండ్రు. లేదన్న. ఎందుకు ఇడిసిపెట్టినవని ఎవ్వలడగలె.”

నేనూ అడగలేదు. అడగకుండానే సంతకం పెట్టాను, దస్కత్ కూడా మంచిగా వచ్చింది.

రొట్టె పూర్తి చేయకుండా లేచాను. నా డీబగ్గర్లో బదులు రాకపోతే ‘మైనస్ ఒకటి’ అని గుర్తు పెట్టే ఏర్పాటు ఉంది. అదే దాని ఖాళీ గడి. ఆ గుర్తును నేను ఒక అక్షరం పట్టే చిన్న అరలో దాచాను. పిసి కంపైలర్ ఆ అరలో మైనస్ అంకెలను కూడా ఉండనిస్తుంది. ఆర్మ్ కంపైలర్ ఉండనివ్వదు. దానికి ఆ అరలో సున్న నుంచి రెండు వందల యాభై అయిదు వరకే తెలుసు. మైనస్ ఒకటి పెడితే రెండు వందల యాభై అయిదుగా తీసుకుంటుంది. అంటే బదులు రాలేదన్న మాట బదులుగా మారిపోతోంది. రెండు చోట్ల చిన్న అర తీసి పెద్ద అర పెట్టాను. మళ్లీ నడిపితే డబ్బా లోపలి అంకెలు వరసగా తెరమీదికి వచ్చాయి. చిప్పు చెరిగిపోలేదు. నిక్షేపంగా ఉంది.

అప్పుడు డబ్బాకు మట్టం తీగ బదులు పెట్టిన నమూనా తీగను పీకాను. మట్టం గడిలో అంకె మారింది: ఎఫ్ఎఫ్. తీగ వదులైతే డబ్బా లోపలి బోర్డు అతి పెద్ద అంకె చదువుతుంది. నేను రాసిన ప్రోగ్రాములో అతి పెద్ద అంకె అంటే ట్యాంకు నిండింది అని. డబ్బా కిటికీలో వంద, మోటారు బంద్. డీబగ్గర్లో చేసిన తప్పే డబ్బాలోనూ చేశాను. రెండింటిలోనూ ‘తెలియదు’ అనే దానికి జాగా ఉంచలేదు. ఖాజా మియా మాత్రం ఉంచాడు, మెమో అందుకున్నాడు.

తీగ ఉన్నప్పటి అంకెలు ఒకటి, పీకినప్పటివి ఒకటి, అనంతమ్మ గారి ప్రింటరు మీద రెండు కాగితాలు అచ్చు తీసుకున్నాను. ఆ కాగితం ఇద్దరు పిల్లల నోట్సుకు సరిపోయేదని ఆవిడ గుర్తు చేసింది.

ఆదివారం తీగ వెంట నడిచాం. ట్యాంకు కాలు దగ్గర ఒక అతుకు ఉంది. ఎండ ముదిరాక మేకలన్నీ ట్యాంకు నీడకు వచ్చి, ఆ కాలుకే వీపులు రుద్దుకుంటున్నాయి. ఒకటి రుద్దుకున్నప్పుడల్లా అతుకు కదులుతోంది. అసలు ముద్దాయి దొరికింది కానీ, విచారణకు పిలవడానికి నిబంధనలు లేవు.

సోమవారం డిఇ గారి బల్ల మీద రెండు కాగితాలు, వాటి పైన నా రెండో ఉత్తరం పెట్టాను. మొదటి ఉత్తరం తప్పు, లోపం ప్రోగ్రాముది, ఆ ప్రోగ్రాము నాది అని అందులో ఉంది.

ఆయన చదివి, “ఉండవచ్చు అని లేదేంది ఇందులో?” అన్నారు.

“అవసరం పడలేదు సార్.”

ఖాజా మియా వైపు తిరిగి, చెప్పుకునేది ఏమన్నా ఉందా అని అడిగారు. అంతవరకు అతన్ని ఆ మాట ఎవరూ అడగలేదు. అతను నా వైపు తిరిగాడు. “గా డబ్బాకు గూడ జర ఖాళీ ఇడిసిపెట్టుడు నేర్పుండ్రి సార్.”

మెమో రద్దయింది. క్షమాపణ అనే గడి ఆ ఫారంలో లేదు. మా మేనేజరు ఫోనులో, నిన్ను పంపింది కంపెనీ పరువు నిలపడానికా, తీయడానికా అని అడిగాడు. అతుకు బాగుచేయించి వచ్చానని చెప్పాను. వారం తర్వాత కొత్త చిప్పు బిగించాను. అంకె నమ్మదగ్గది కాకపోతే ఇప్పుడు డబ్బా పసుపు దీపం వెలిగిస్తుంది, కిటికీని ఖాళీగా ఉంచుతుంది, మోటారును ఏం చేయాలో ఆపరేటరుకు వదిలేస్తుంది. ఆ ఏడాది చివర్లో మళ్లీ వెళ్తే ఖాజా మియా ఉద్యోగంలోనే ఉన్నాడు, ఇంకా టెంపరరీగానే. ట్యాంకు కాలు చుట్టూ ముళ్లకంప కట్టాడు. మేకలు రెండో కాలుకు మారాయి.

ఆ తర్వాత నేను రాసిన ప్రతి ప్రోగ్రాములోనూ, జవాబు రాలేదన్న దానికి వేరే గడి ఉంచాను. కొత్త చిప్పు మీదికి ఏ పరికరాన్ని మార్చినా, మొదట కేబుల్ పీకి, అది ఏం చెబుతుందో చూశాను. ఏమీ లేనప్పుడు ఏమీ లేదని చెప్పగలిగితేనే, ఉన్నప్పుడు అది చెప్పింది నమ్మాలి. రిపోర్టులకూ ఇదే నియమం పెట్టుకున్నాను: ఎవరి మీదనైనా రాసేముందు, వాళ్లు జవాబివ్వలేదా, లేక నేను అడగలేదా అన్నది చూసుకోవాలి. ఈ రెండోదాన్ని, నేను అడగకపోవడాన్ని, ఏ కంపైలరూ తప్పని చూపించదు.