మోతీ బొమ్మ ఆరకముందే

తూంకుంటలో అక్క కొత్త ఇంటి తలుపులకు రంగులు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన తగలగానే నాకు కోపం వచ్చింది. అది ముప్పై ఏళ్లుగా తగ్గని కోపం.

నా ఎనిమిదో ఏట మా కుక్క మోతీ మేడ్చల్ రోడ్డు మీద లారీ కింద పడి చచ్చిపోయింది. దానికి ఒక్క ఫొటో కూడా లేదు. దుకాణాల బోర్డులు రాసే పెయింటర్ మామ బల్ల కిందే అది రోజూ పడుకునేది. ఆయన తన జ్ఞాపకం నుంచే దాని ముఖాన్ని రేకు మీద టర్పెంటైన్ కలిపిన ఆయిల్ పెయింట్‌తో వేసి ఇచ్చాడు.

"పది దినాలు ముట్టకు బిడ్డా, ఇంక ఆరలే" అన్నాడు.

నేను ఆగలేదు. మూడో రోజు గురువారం, దత్తుని భజన జరిగే రోజు. మా భజన మందిరంలోని పటంలో దత్తాత్రేయ స్వామి పాదాల దగ్గర నాలుగు కుక్కలుంటాయి. వాటి పక్కన మోతీ బొమ్మను నిలబెట్టాను.

భజన పెద్ద మండిపడ్డాడు. "దేవుని పక్కకు కుక్క బొమ్మ ఏంది?"

"ఆడ ఉన్నయ్ గద తాతా!"

"గవి కుక్కలు గాదు, నాలుగు వేదాలు."

"మరి తోకలెందుకున్నయ్?"

అందరూ నవ్వారు. ఆయన బొమ్మను గోడవైపు తిప్పి అదిమి పెట్టాడు. భజన అయ్యాక లాగితే మోతీ ముఖం గోడ సున్నానికి అంటుకుపోయింది. రేకు మీద చెవులే మిగిలాయి.

తొందరపడింది నేనే. భజన పెద్ద చెప్పిన అర్థమూ తప్పు కాదు. అయినా ఆయన మీద కోపం పోలేదు. ఇప్పుడు ఆ మందిరంలో పిల్లలకు ఆ పటం గురించి చెప్పేది నేనే. వేదాల సంగతి తర్వాత చెబుతాను. ముందు మాత్రం కొంచెం గట్టిగానే అంటాను: "గవి కుక్కలే. స్వామి వాటిని ఎన్నడూ ఎల్లగొట్టలే."