బ్యాటరీకి కప్పిన బొంత

ముప్పయ్యేళ్లుగా బొంతలు కుట్టిన చెయ్యి ఊరికే ఉండదు. కనిపించినదల్లా కప్పుతుంది. కుట్టు మిషనుకు ముసుగు, నీళ్ల కూజాకు తొడుగు, అల్లుడి హెల్మెట్‌లో మెత్త, అన్నీ ఆమె పనే. వీధిలో అందరూ ఆమెను బొంతలమ్మ అంటారు. కూతురితో, అల్లుడితో కలిసి రెండు గదుల అద్దె వాటాలో ఉంటుంది.

అల్లుడు కరెంటు బండి మీద పార్సిళ్లు చేరవేస్తాడు. బ్యాటరీ ఊడదీసి తెచ్చి, ముందు గదిలో ఉత్త గచ్చు మీద చార్జింగ్ పెడతాడు. "దీని దగ్గర గుడ్డలు ఉంచకండి అత్తయ్యా" అని మొదట్లోనే చెప్పాడు. ఆమె ఉంచలేదు కూడా. కానీ చలి ముదిరిన వారంలో అతనే ఇంకో మాట అన్నాడు: "ఈ చలికి బ్యాటరీ మొండికేస్తోంది. సగం దారిలోనే చతికిలబడుతోంది."

మర్నాడు మధ్యాహ్నం అతను బ్యాటరీకి ప్లగ్గు పెట్టి బజారుకు వెళ్లాడు. కూతురు వెనక గదిలో ఉంది. బొంతలమ్మ పసిపిల్లల కొలతకు కుట్టిన దూది బొంత ఒకటి తెచ్చి బ్యాటరీ చుట్టూ పొదివి చుట్టింది. దీన్ని ప్రేమ అనేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ అందులో పంతమూ ఉంది: చలి సంగతి నాకు తెలిసినంత ఈ కుర్రాడికేం తెలుసు అని.

ముప్పావు గంటకు బుసకొట్టినట్టు చప్పుడు, ఘాటు వాసన, తెల్లటి పొగ. "అమ్మా, బయటికి నడు!" అని కూతురు ఆమె రెక్క పట్టుకుని లాక్కుపోయింది. అగ్నిమాపకం వాళ్లు వచ్చి ఆర్పేసరికి తెరా, కిటికీ, కుట్టు మిషనూ మాడిపోయాయి. మనుషులకు ఏమీ కాలేదు. బొంతలో ఒక మూల మిగిలింది. ఎవరూ చూడకుండా ఆమె దాన్ని పాతగుడ్డల సంచిలో కుక్కేసింది.

నింద అల్లుడి నెత్తిన పడింది.

"చార్జర్ ఎక్కడ కొన్నావో నిజం చెప్పు," అంది కూతురు.

"బండితో వచ్చిందే. ఒట్టు."

"నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు!"

ఇంటి ఓనరు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ఇంకో బ్యాటరీ గడప దాటిందంటే మీరు ఇల్లు దాటాల్సిందే." చార్జింగ్ లేకపోతే బండి లేదు, బండి లేకపోతే అల్లుడికి పని లేదు.

బొంతలమ్మ నోరు విప్పలేదు. మొదటి రోజు భయం. రెండో రోజు, నిన్ననే ఎందుకు చెప్పలేదంటారని. మూడో రోజు అల్లుడే వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"నా బ్యాటరీ వల్ల మీ మిషను పోయింది అత్తయ్యా. క్షమించండి."

"పోనీలే బాబూ," అంది. అన్నాక గానీ తనేం చేసిందో తెలియలేదు. తన తప్పుకు అతన్ని క్షమించేసింది!

సాయంత్రం అగ్నిమాపక అధికారి రిపోర్టు రాసుకోవడానికి వచ్చాడు. "దాని మీద ఏమైనా కప్పారా?"

"లేదు సార్, ఆమాత్రం నాకు తెలుసు," అన్నాడు అల్లుడు.

"నేను కప్పాను." ఆమె సంచిలోంచి మాడిన మూల తీసి ఆయన కాగితాల పక్కన పెట్టింది. "వెచ్చగా ఉంటుందని."

కూతురు నోటి మీద చెయ్యి వేసుకుంది.

"చార్జింగ్‌లో అది తనంత తనే వేడెక్కుతుందమ్మా," అన్నాడు అధికారి. "ఆ వేడి గాలిలోకి పోవాలి. మీరు దారి మూసేశారు. చలిలోంచి తెచ్చాక కాసేపు గదిలో ఉంచి, అప్పుడు పెడితే చాలు. అయినా ఒక్క బొంతతోనే అంటుకుందని రాయలేను. లోపల ఎప్పుడో దెబ్బ తిని ఉండొచ్చు."

తప్పించుకోవడానికి సందు దొరికింది. ఆమె అందులో దూరలేదు. "బొంత సంగతి రాయండి," అంది.

తప్పు తనదని చెప్పడానికి ఓనరు దగ్గరికి తనే వెళ్లింది. గుమ్మంలోనే నిలబెట్టి, ఇరుగుపొరుగు వింటుండగా, "ఇంత వయసొచ్చి..." అని మొదలుపెట్టి పావుగంట దులిపేశాడాయన. చివరికి, వెనక వసారాలో సిమెంటు గచ్చు మీద, మనిషి మెలకువగా ఉండి చూసుకునేటట్టయితే చార్జింగ్ పెట్టుకోవచ్చన్నాడు.

తిరిగొచ్చాక అల్లుడు ఒక్కటే అడిగాడు. "మూడు రోజులు నన్ను తిడుతుంటే ఎలా చూస్తూ కూర్చున్నారత్తయ్యా?"

అతను మళ్లీ అడగలేదు.

కొత్త బ్యాటరీ వచ్చింది. ఇప్పుడు ప్లగ్గు పెట్టే ముందు అతను వంటింటి వైపు తిరిగి, "అత్తయ్యా, చార్జింగ్ పెడుతున్నా," అంటాడు, రోజూ. అది మర్యాదో, హెచ్చరికో ఆమెకు తెలియదు. అడిగే మొహం లేదు. "సరే బాబూ," అని, చేతులు ఒళ్లో పెట్టుకుని, అతను ప్లగ్గు పీకేదాకా అలా కూర్చుంటుంది.