రెక్కలు కుట్టిన మాబూబీ

అద్దంకి చుట్టుపక్కల ఊళ్ళలో మాబూబీ దబ్బనం దిగని పరుపు లేదు. అరవై ఏడేళ్ళ మనిషి, ఎవరి నడుము ఎక్కడ నొప్పో డాక్టరుకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. కానీ ఆకాశంలో ఏ చిన్న మోత వినిపించినా చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చేస్తుంది. ముప్ఫై అయిదేళ్ళుగా ఇదే వరస. దానికి కారణం ఒక పసుపుపచ్చ విమానం.

ఆ విమానం పుట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో. అది యుద్ధానికి పోలేదు, పోయే కుర్రాళ్ళకి ఎగరడం నేర్పింది. పైన ఒక జత రెక్కలు, కింద ఒక జత, ముందొకటి వెనకొకటి సీట్లు, నెత్తిన కప్పు లేదు. యుద్ధం అయ్యాక ఏదో ఫ్లయింగ్ క్లబ్బులో ఇంకో తరానికి పాఠాలు చెప్పింది. అక్కడ ముసలిదైపోయాక అన్వర్ గారనే పైలట్ దాన్ని తెచ్చుకుని, ఊరి బయట పాత సిమెంటు రన్‌వే మీద చిన్న శిక్షణ బడి పెట్టారు. మిరప కోతలొస్తే అదే రన్‌వే రైతులకి కల్లం. కాయలు ఆరబెట్టడానికి అంత చదునైన నేల ఇంకెక్కడ దొరుకుతుంది మరి!

ఒకరోజు ఆంబోతు ఒకటి వచ్చి రెక్కలో కొమ్ము దించింది. విమానం రెక్కలు రేకువి కావు, గుడ్డవి అని ఊరికి అప్పుడే తెలిసింది. అన్వర్ గారు మాబూబీకి కబురు పెట్టారు. కర్ర బద్దల మీద గుడ్డ బిగించి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి దారం లాగి ముడెయ్యాలి.

“ఇది పరుపేగదండీ! దూది లేదంతే,” అంది మాబూబీ.

నాలుగు రోజుల్లో కుట్టేసి, కూలి మాటెత్తితే వద్దంది. “ఒక్కసారి ఎక్కించండి, చాలు.”

ఆయన సరేనన్నారు. మార్చిలో ఒక పొద్దున రమ్మన్నారు. ఆ ముందురోజే మిరప రైతు గురవమ్మ కాయలు ఎక్కడ పోసుకోవాలని అడిగితే, “విమానం ఇటునుంచి లేస్తుంది, నువ్వు ఆ చివర పోసుకో అక్కా,” అని మాటిచ్చింది మాబూబీ. తీరా పొద్దునకి గాలి తిరిగింది. విమానం గాలికి ఎదురుగానే లేవాలి గనక, ఇప్పుడు ఆ చివరదాకా నడిపించుకెళ్ళి, అటునుంచి లేపాలి. నేలమీద ఉన్నంతసేపూ ఆ విమానం ముక్కు పైకెత్తుకునే ఉంటుంది, వెనక సీట్లో కూర్చుని నడిపేవాళ్ళకి ఎదురుగా ఏముందో కనపడదు. అందుకే అన్వర్ గారు కేకేసి అడిగారు.

“ఆ చివర ఖాళీయేనా మాబూబీ?”

ముందు సీట్లో బెల్టు బిగించుకుని కూర్చుంది మాబూబీ. కల్లం ఎత్తాలంటే ఒక పూట పడుతుంది. పూట తప్పితే ఈ రోజు తప్పుతుంది. రోజు తప్పితే ఇక తనకి యోగం లేనట్టే అనిపించింది.

“ఖాళీయేనండీ!”

మిరపకాయల దగ్గరికి చేరేసరికి ముందున్న ఫ్యాను గాలికి కారం, గింజలు ఒక్కసారి లేచి మొహాన కొట్టాయి. కళ్ళు మండిపోయి ఇద్దరికీ ఏమీ కనపడలేదు. చక్రం సిమెంటు దిగి కాలవలో పడింది. ముక్కు మట్టిలో కూరుకుని, తోక పైకి లేచి, ఫ్యాను విరిగింది. ప్రాణాలకేమీ కాలేదు, విమానం మాత్రం పనికిరాకుండా పోయింది. విచారణకి వచ్చినవాళ్ళు పైలట్ చూసుకోలేదని రాసుకుపోయారు. మాబూబీ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిందే గానీ నోరు విప్పలేదు, అన్వర్ గారూ ఆమె పేరెత్తలేదు. అన్వర్ గారి లైసెన్సు పోయింది. ఆయన గుంటూరు వెళ్ళిపోయారు, మళ్ళీ విమానం ముట్టుకోకుండానే కన్నుమూశారు. విమానం గురవమ్మ వాళ్ళ పొగాకు కాల్చే పాడుబడ్డ బ్యారన్ కొట్టంలో పడి ఉండిపోయింది.

నిరుడు క్రిస్టీనా వచ్చింది. సత్తెనపల్లి పిల్ల, విమానాల ఇంజనీరు. ఆ శిథిలాన్ని మళ్ళీ విమానం చేయాలని పూనుకుంది. రెక్కల మీద ఉన్న దారపు ముడులు ఎవరు వేశారో ఆరా తీసి మాబూబీ ఇంటికొచ్చింది. చూపు సరిగా ఆనకపోయినా మాబూబీ నాలుగు రెక్కలూ కుట్టింది.

“ఒక్కసారి ఎగరడానికే అనుమతి ఇచ్చారు మామ్మా, తర్వాత మ్యూజియానికే,” అంది క్రిస్టీనా. “ముందు సీట్లో మీరే.”

మాబూబీకి రెండ్రోజులు అన్నం సహించలేదు, అంత సంతోషం. మూడోరోజు క్రిస్టీనా పాత కాగితాలు పైకి చదువుతోంది. “ప్రమాదానికి కారణం పైలట్ అన్వర్ నిర్లక్ష్యం...”

మాబూబీ దబ్బనం పక్కన పెట్టింది.

“అది తప్పమ్మా. ఆయన నన్నడిగాడు. కాయలున్నాయని తెలిసే ఖాళీ అన్నాను. ఎక్కాలన్న ఆశ.”

క్రిస్టీనా పెన్ను తీసింది. “ఇది రాస్తాను మామ్మా. రాసినా మీరు ఎక్కొచ్చు,” అంది.

“ఉన్నది ఒక్క సీటేగా? ఆయన కూతురు అర్ఫా గుంటూరులో ఉందంట. ఆ పిల్లని పిలువు.”

ఎగిరే రోజు తెల్లారకముందే వచ్చి రన్‌వే అంతా ఈ చివరనుంచి ఆ చివరదాకా తానే ఊడ్చింది మాబూబీ. ఒక్క మిరప గింజ మిగలనివ్వలేదు. వెనక సీట్లో పైలట్, ముందు సీట్లో అర్ఫా కూర్చున్నారు. విమానం సగం రన్‌వే పరుగెత్తి, నేల వదిలేసింది. ఎండ రెక్కల గుడ్డలోంచి దిగుతుంటే తను వేసిన కుట్లు వరసగా కనపడ్డాయి. తర్వాత కనపడలేదు.

పక్కనే నిలబడ్డ గురవమ్మ ఆమె మొహంలోకి చూసింది.

“ఏమే, కళ్ళలో కారం పడిందా?”

“నేనే ఊడ్చానుగా అక్కా, ఇంకా కారం ఎక్కడిది?” అంది మాబూబీ, కళ్ళు తుడుచుకోకుండానే. “నాకూ ఎక్కాలనుంది.”