కృపాబాయి నోట్లో ఖర్జూరం

కృపాబాయికి ప్రార్థన నాలుక చివరే ఉంటుంది. నరసాపురంలో పుట్టి, ఇరవై రెండేళ్లుగా మస్కట్‌లో నర్సు డ్యూటీ చేస్తున్న మనిషి. రోగి "అమ్మా" అని మూలిగితే చాలు, "ఏం కాదు నాన్నా, దేవుడున్నాడు" అంటూ కళ్లు మూసేసుకుంటుంది. ఘుబ్రా పేటలోని ఆమె ఆసుపత్రిలో ఆ మాటకే సగం కోలుకున్నామనేవాళ్లూ ఉన్నారు. మందుకన్నా మాట ముందు పనిచేసే జబ్బులు లోకంలో బోలెడు. ఆ సంగతి అలా ఉంచండి.

ఇప్పుడా మాటే ఆమె కొంప ముంచేలా ఉంది. న్యూజిలాండులో ఉద్యోగం వచ్చింది. అక్కడ, బతికే ఆశలేని రోగి తానే కోరి, చట్టం పెట్టిన షరతులకి సరిపోతే, వైద్యులు మరణానికి సాయపడతారు. అందుకని చేరకముందే ఆన్‌లైన్లో శిక్షణ. ఆ ప్రస్తావన నర్సు ఎత్తకూడదు. రోగి ఎత్తితే అడ్డుపడకూడదు. మనసొప్పకపోతే తాను తప్పుకోవచ్చు, కానీ ఎవరిని అడగాలో చెప్పి తీరాలి. పాఠాలన్నీ కంఠతా వచ్చాయి. చివర్న మాత్రం వీడియో కాల్లో పరీక్ష: టీచరమ్మ రోగిలా నటిస్తుంది, నర్సు వినాలి. కృపాబాయి మొదటిసారి తప్పింది. ఆవిడ "నాకిక చాలు" అనేలోపే ఈవిడ "ప్రభువా" అంది. మిగిలింది ఒక్క అవకాశం. అదీ పోతే ఉద్యోగం పోయినట్టే.

సాధనకి పైఅంతస్తు గంగులమ్మ దొరికింది. కడప మనిషి, అరవై దాటింది, ఒమానీల ఇంట్లో పని, శుక్రవారం సెలవు. సోఫా మీద వెల్లకిలా పడి, దుప్పటి గడ్డందాకా లాక్కుని రోగం తెచ్చుకుంది.

"సిస్టరమ్మా, నాకింగ సాలు. నన్ను పంపిచ్చేయ్."

"ఛ! అలా అనకూడదక్కా. ప్రార్థన చేసుకుం..."

"ఓయమ్మో! నేను సచ్చేదెందుకో సెప్పకముందే దేవునికి అప్పజెప్తివే! మళ్ళా."

ఏడుసార్లు చచ్చింది గంగులమ్మ. ఏడుసార్లూ ప్రార్థనే అడ్డొచ్చింది. ఎనిమిదోసారి లేచి కూర్చుంది.

"మా యజమాని తల్లి, ముసిలామె, మంచంలో పడినప్పుడు సాలు సాలు అనేది. ఇంట్లో అందరూ అట్లనగూడదని నోరు మూయిస్తాండ్రి. నాకు అప్పుడు అరబ్బీ సక్కంగ రాదు, మూయించే మాట తెలీదు. కర్జూరం నములుతా ఊరికే కూసోని వింటి. పొద్దుగూకేదాకా సెప్పింది. సగమే అర్థమాయె. అయినా నా చెయ్యి వదల్లా."

కృపాబాయి కళ్లు మూసుకుని సోఫా అంచుకి ఆనుకుంది.

"నిద్దరపోయినావా?"

"లేదక్కా. వింటున్నా."

"అదే గదా పరీచ్చ! నోట్లో కర్జూరం బెట్టుకో, పో."

మళ్లీ శుక్రవారం వచ్చింది. తెరమీద టీచరమ్మ "నాకిక చాలు, సిస్టర్" అంది. కృపాబాయి పెదవులు కదిలాయి. గబుక్కున ఖర్జూరం నోట్లో వేసుకుంది. ఒమాన్‌లోనే ఇబ్రి ఊరి తోటలది, జిగురెక్కువ. పళ్లకి అంటుకుంటే ఎంతటి ఉపన్యాసకుడికైనా మౌనవ్రతమే. అది కరిగేలోపు ఆ రోగి తన నొప్పి, భయం, కూతురికి బరువవుతానన్న బెంగ, అన్నీ చెప్పేసింది.

గింజ అరచేతిలోకి తీసుకుని అప్పుడంది కృపాబాయి: "విన్నానమ్మా. ఆ పనికి నా మనస్సాక్షి ఒప్పదు. ఎవరిని అడగాలో మాత్రం చెబుతాను. అప్పటిదాకా మీ పక్కనే ఉంటాను."

టీచరమ్మ నటన ఆపి నవ్వింది. "పాసయ్యారు. ఇంత ఓపిగ్గా ఎవరూ వినలేదు. ఇంతకీ ఏం నములుతున్నారు?"

కృపాబాయి సిగ్గుపడుతూ గింజ చూపించింది.

తెర ఆరిందో లేదో, గుమ్మం చాటునుంచి గంగులమ్మ ఊడిపడింది.

"ఇంగ కండ్లు మూసుకో సిస్టరమ్మా. ఎంతసేపు సేస్తావో సెయ్ నీ ప్రార్థన. ఈపొద్దు వినేది నేను" అని, ఖర్జూరం తీసి తన నోట్లో వేసుకుంది.